‘స్టాండ్ బై మీ’ పిల్లలతో కలిసి చూడొచ్చా? (అమ్మాయికి 14, అబ్బాయికి 11)

సంధ్యారాగం
అందరికీ నమస్కారం. సెలవులకి మా అక్క కొడుకు మా ఇంట్లో ఉన్నాడు. వాడికి 11 ఏళ్ళు, మా అమ్మాయికి 14. స్నేహం మీద మంచి సినిమా ఏదైనా పెట్టమని ఇద్దరూ ఒకటే గోల. నాకు వెంటనే 1986లో రాబ్ రైనర్ తీసిన ‘స్టాండ్ బై మీ’ గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో చూశాను, చాలా ఇష్టం. పన్నెండేళ్ళ కుర్రాళ్ళు నలుగురు రైలు పట్టాల వెంట నడుచుకుంటూ పోవడం, రాత్రి మంట చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, ఇవే మనసులో ఉండిపోయాయి.

తీరా పెట్టబోయే ముందు వివరాలు చూస్తే అమెరికాలో దానికి ‘ఆర్’ రేటింగ్ అని ఉంది. అంటే 17 నిండని వాళ్ళు పక్కన పెద్దవాళ్ళు లేకుండా హాల్లో చూడకూడదు. పన్నెండేళ్ళ పిల్లల కథని పన్నెండేళ్ళ పిల్లలు చూడకూడదా అని ఒక పక్క, నేను మర్చిపోయినవి ఏమున్నాయో అని ఇంకో పక్క. ఈమధ్య చూసినవాళ్ళు, ముఖ్యంగా పిల్లలున్నవాళ్ళు చెప్పండి. కథ అంతా చెప్పేసినా పర్వాలేదు, నేను చూసిందే కదా.

పాతరీలు
చూడనివాళ్ళు ఈ చర్చ ఇక్కడే ఆపేయండి, ముగింపుతో సహా అన్నీ వచ్చేస్తాయి.

సంధ్యారాగం గారూ, ఆ రేటింగ్ ఎక్కువగా బూతుల వల్ల వచ్చింది. అమెరికా లెక్కలో బాగా గట్టి బూతు ఒక్కసారి వినపడితే పీజీ-13తో సరిపెడతారు, అంతకు మించితే మామూలుగా ఆర్ ఇచ్చేస్తారు. ఇందులో నలుగురూ (గోర్డీ, క్రిస్, టెడ్డీ, వెర్న్) ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా తిట్టుకుంటారు. పీజీ-13 అన్న మధ్య మెట్టు వచ్చిందే 1984లో. అంతకుముందు పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే పీజీకీ, ఆర్‌కీ మధ్య చాలా దూరం ఉండేది.

మిగతావి ఇవి. చెట్టు మీద కట్టుకున్న గుడిసెలో పేకాడుతూ సిగరెట్లు కాలుస్తారు. వాళ్ళ నాన్న తుపాకిని క్రిస్ పట్టుకొస్తాడు. వంతెన మీద రైలు వెంటపడే సీన్ ఉంది. మడుగులో దిగితే ఒంటి నిండా జలగలు, గోర్డీ లోదుస్తుల్లోంచి ఒక జలగని రక్తంతో సహా బయటికి తీసి అక్కడే కళ్ళు తిరిగి పడిపోతాడు. పందెంలో పళ్ళు కూరిన పైలు తిని ఊరంతా వాంతులు చేసుకునే పిట్టకథ ఒకటి. చివర్లో శవం ముఖం కనబడుతుంది. శృంగార సన్నివేశాలు లేవు.

మీరన్న విడ్డూరం నిజమే. విడుదలయ్యే నాటికి ఆ నలుగురు నటుల్లో ఎవరికీ 17 నిండలేదు. వెర్న్‌గా వేసిన జెర్రీ ఓకానెల్‌కి 1985లో షూటింగ్ అప్పుడు పదకొండేళ్ళు, మీ అక్కగారి అబ్బాయి వయసే.

నిండుకుండ
నా మాట సూటిగా చెప్తాను. పదకొండేళ్ళవాడికి వద్దు.

బూతుల గురించి నాకు పెద్ద బెంగ లేదు, బడిలో వినేవే. నా అభ్యంతరం తుపాకి మీద. సినిమా మొదట్లో గోర్డీ ఖాళీది అనుకుని పేలుస్తాడు, గుండు బయటికి వస్తుంది. అక్కడితో పిల్లలకి భయం పుట్టాలి. కానీ క్లైమాక్స్‌లో ఏం జరుగుతుంది? కీఫర్ సదర్లాండ్ వేసిన ఏస్ అనే పెద్ద రౌడీ కత్తి తీస్తాడు. గోర్డీ గాల్లోకి కాల్చి, ఆ తుపాకి వాడికే గురిపెడతాడు. వాళ్ళు వెనక్కి తగ్గి వెళ్ళిపోతారు. అంటే సమస్య తీర్చింది తుపాకి. ఏ పెద్దవాడికీ ఆ సంగతి తెలియదు, ఎవరూ అడగరు. అంతసేపు వేధించినవాడు తోకముడిచాడని చూసేవాళ్ళకి హాయిగా కూడా ఉంటుంది. ఆ హాయి గురించే నా భయం. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్న పిల్లాడు ఈ సీన్ చూస్తే ఏది పట్టుకుపోతాడో మనకి తెలియదు.

పలకాబలపం
నేను ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలు చెప్తాను. నిండుకుండ గారి ఆందోళన అర్థమైంది, దాని మీద తర్వాత రాస్తాను. ముందు ఎవరూ ఎత్తని ఒక సీన్ గురించి చెప్పాలి.

రాత్రి కాపలా కాస్తూ క్రిస్ గోర్డీతో పాల డబ్బుల సంగతి చెప్తాడు. బడిలో పిల్లల దగ్గర వసూలైన పాల డబ్బులు క్రిస్ దొంగిలించాడని అందరికీ తెలుసు, మూడు రోజులు బడికి రావద్దన్నారు. తీసింది నిజమే. కానీ మనసు ఒప్పక తీసుకెళ్ళి టీచరుకి తిరిగి ఇచ్చేశాడు. మరుసటి వారం ఆవిడ కొత్త స్కర్టు వేసుకుని వచ్చింది. డబ్బు కనబడలేదన్న మాట అలాగే ఉండిపోయింది. ‘నేనిచ్చేశాను’ అని చెప్పినా ఎవరు నమ్ముతారు? వాళ్ళ ఇంటి పేరు వింటేనే ఊళ్ళో దొంగలంటారు. ఎవరూ తెలియని చోటికి వెళ్ళిపోవాలని ఉందని చెప్పి వెక్కి వెక్కి ఏడుస్తాడు. రివర్ ఫీనిక్స్‌కి అప్పుడు పద్నాలుగో పదిహేనో, అంతే.

సినిమాలో నిజంగా పెద్ద వయసు విషయం నాకు అదే అనిపిస్తుంది. పెద్దవాళ్ళు, అందులోనూ టీచర్లు, పిల్లాడి పేరు వాడుకుని తప్పించుకోగలరన్న సంగతి. రేటింగ్ పట్టీలో ఆ మాట ఎక్కడా రాయరు. మా తరగతిలో ఏ వస్తువు పోయినా అందరి కళ్ళూ ఒకే అబ్బాయి మీదికి వెళ్తాయి. ఆ అబ్బాయి ఈ సీన్ చూడాలని నాకుంది. వాడి పక్కన కూర్చునే మిగతావాళ్ళు ఇంకా ముందు చూడాలని ఉంది. అందుకే పదమూడు, పద్నాలుగేళ్ళ వయసుకి చూపించడమే మంచిదంటాను. పదకొండుకి ఈ బరువు అందదు, జలగలూ వాంతులే గుర్తుంటాయి.

అర్ధరాత్రి_రైలు
ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సినిమా పదమూడేళ్ళప్పుడు ఒక్కడినే ఫోన్‌లో చూశాను. ఆ వయసులో చూసినవాడిగా చెప్తున్నా.

బూతులు అసలు గుర్తులేవు. శవం భయపెట్టలేదు. నన్ను నిద్రపోనివ్వనిది గోర్డీ కల. అన్న డెన్నీ చనిపోయాడు. నాన్నకి అన్నంటేనే ప్రాణం. కలలో సమాధి దగ్గర నాన్న భుజం మీద చెయ్యేసి, పోవాల్సింది నువ్వురా అంటాడు. అది కలే. నాన్న నిజంగా అన్న మాట కాదు. కానీ ఆ పిల్లాడు మెలకువలో కూడా అదే నమ్ముతాడు. చివర శవం పక్కన కూర్చుని, నాన్నకి నేనంటే అసహ్యం అని క్రిస్‌తో చెప్పి ఏడుస్తాడు. క్రిస్ అంటాడు, ఆయనకి నువ్వెవరో తెలియదు, అంతే అని.

ఇంట్లో పోలికలు ఎదుర్కొనే ప్రతి పిల్లాడికీ ఈ సీన్ తగులుతుంది. తగిలినప్పుడు పక్కన ఎవరైనా ఉంటే బాగుండేది. వివరించడానికి అక్కర్లేదు, ఉంటే చాలు.

సంధ్యారాగం
పలకాబలపం గారూ, స్కర్టు సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను! తమ్ముడూ, నువ్వు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. కాలేజీలో చూసినప్పుడు నా ధ్యాసంతా నలుగురి స్నేహం మీదే ఉంది, ఇళ్ళ సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు తల్లి కళ్ళతో చూడాలి కాబోలు.

ఇంకో సందేహం. ఇది పూర్తిగా మగపిల్లల సినిమా కదా. అమ్మాయికి ఎలా ఉంటుంది?

వానచినుకు
మా అమ్మాయి పదిహేనులో చూసింది. స్నేహం దగ్గర ఏమీ ఇబ్బంది పడలేదు, క్రిస్ అంటే చాలా ఇష్టపడింది. కానీ రెండు విషయాలు అడిగింది.

ఒకటి, ఈ అబ్బాయిలు ఒకళ్ళ అమ్మల మీద ఒకళ్ళు అన్నేసి జోకులు ఎందుకు వేసుకుంటారు అని. టీవీలో వచ్చే ఒక అమ్మాయి ఒంటి గురించి మాట్లాడుకునే చోట ముఖం చిట్లించింది. రెండోది వెర్న్ గురించి. వాడు లావుగా ఉన్నాడని, భయస్తుడని మిగతా ముగ్గురూ ఆట పట్టిస్తూనే ఉంటారు. గోర్డీ చెప్పే పందెం కథలో కూడా ఊరంతా ఎగతాళి చేసేది ఒక లావుపాటి అబ్బాయినే. సినిమా అక్కడ ఆ అబ్బాయి పక్షాన్నే ఉన్నా, నవ్వు వచ్చేది వాడి ఒళ్ళు చూసే. మా అమ్మాయి కొంచెం బొద్దుగా ఉంటుంది. ఆ పది నిమిషాలూ అది నవ్వలేదు. తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం.

చూపించొద్దని అనను. వెర్న్ దగ్గర మీ అమ్మాయి నవ్వుతుందా, చూసి ఊరుకుంటుందా అన్నది మాత్రం గమనించండి.

మధ్యాహ్నం_మాటలు
అమ్మాయికి ఓకే, అబ్బాయికి రెండేళ్ళు ఆగండి. ఇంత చర్చ అక్కర్లేదు.

పాతరీలు
అక్కర్లేదని ఎలా అంటామండీ, ఇక్కడ వచ్చే విషయాలు చూస్తున్నారుగా.

సర్టిఫికెట్ గురించి ఇంకొంచెం చెప్పాలని ఉంది. 1991లో వచ్చిన ‘మై గర్ల్’కి అమెరికాలో పీజీ ఇచ్చారు. అందులో పదకొండేళ్ళ అమ్మాయి ప్రాణ స్నేహితుడు తేనెటీగలు కుట్టి చచ్చిపోతాడు, శవపేటికలో ఉన్నవాడికి కళ్ళజోడు పెట్టమని ఆ అమ్మాయి ఏడుస్తుంది. పిల్లలకి అంతకంటే గట్టి దెబ్బ ఏముంటుంది? అయినా బూతులు లేవు కాబట్టి పీజీ. ఇటు చూస్తే 2018లో వచ్చిన ‘ఎయిత్ గ్రేడ్’, ఎనిమిదో తరగతి అమ్మాయి కథ, దానికి ఆర్ ఇచ్చారు. ఆ తరగతి పిల్లలే ఒంటరిగా వెళ్ళి చూడలేని పరిస్థితి. ఏం వినబడింది, ఏం కనబడింది అన్నది వాళ్ళు లెక్కపెట్టగలరు. లోపల ఏం కదులుతుంది అన్నది లెక్కకి అందదు.

మన దగ్గర కూడా 2023లో చట్టం మార్చి యూఏని 7, 13, 16 అని మూడు మెట్లు చేశారు. నాకు అది మంచి మార్పే అనిపించింది. ఒకే యూఏ కింద ఏడేళ్ళవాడినీ పదహారేళ్ళవాడినీ కూర్చోబెట్టడం ఏం న్యాయం? కానీ ఆ మెట్లు కూడా వయసుకే గానీ మన ఇంట్లో ఉన్న ఫలానా పిల్లాడికి కాదు.

నిండుకుండ
దీంతో ఏకీభవిస్తాను. అందుకే ఒక ప్రశ్న అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ అబ్బాయి ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా? సినిమా మొత్తం చావు చుట్టూనే తిరుగుతుంది. అది ముందు తెలుసుకోవడం మంచిది.

సంధ్యారాగం
నిండుకుండ గారూ, మంచి ప్రశ్నే అడిగారు. పోయిన ఏడాది వాడి తాతయ్య పోయారు, మా బావగారి నాన్నగారు. వాడికి ఆయనంటే చాలా చనువు, సాయంత్రాలు ఇద్దరూ చదరంగం ఆడేవారు. పరీక్షలని వాడిని హాస్టల్లోనే ఉంచేశారు. తాతయ్యకి ఒంట్లో బాలేదనే చెప్పారు. పదిహేను రోజుల తర్వాత వచ్చేసరికి గోడ మీద ఫోటోకి దండ ఉంది. అప్పుడు చెప్పారు. వాడు ఏడవలేదట, ఏమీ అడగలేదట. ‘బాగా తట్టుకున్నాడు’ అని అక్క సంతోషపడింది. ఇప్పుడు ఇది రాస్తుంటే అది తట్టుకోవడమేనా అనిపిస్తోంది.

పలకాబలపం
సంధ్యారాగం గారూ, ఇప్పుడు ఆ నలుగురూ ఇంట్లోంచి ఎందుకు బయల్దేరారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రే బ్రోవర్ అనే తమ వయసు అబ్బాయి రైలు కింద పడి పోయాడు, శవం ఫలానా చోట ఉంది అని వెర్న్ వాళ్ళన్న స్నేహితుడితో అంటుంటే వెర్న్ విని మిగతావాళ్ళకి చెప్పాడు. దాన్ని కనిపెడితే పేపర్లో పడతామని బయల్దేరారు. అది పైకి చెప్పే కారణం. గోర్డీ ఇంట్లో డెన్నీ పోయి నెలలు గడిచినా ఎవరూ ఆ చావు మాటెత్తరు. అన్న గది అలాగే ఉంటుంది. అమ్మని ఏదైనా అడిగితే జవాబు కూడా రాదు. చావు గురించి ఇంట్లో ఒక్కరూ నోరు విప్పకపోతే పిల్లాడు దాన్ని చూడ్డానికి ఊరు దాటి నడిచాడు. నేనైతే ఈ సినిమాని అలాగే చదువుకుంటాను. శవం కనబడగానే వాడు ఏడ్చేది ఆ ముక్కూ మొహం తెలియని అబ్బాయి కోసం కాదు, అన్న కోసం. నువ్వెందుకు చచ్చిపోయావు అంటాడు. అంత్యక్రియల్లో రాని ఏడుపు అక్కడ వస్తుంది.

ఇది మీ అబ్బాయికి మేలు చేయొచ్చు, గుండె గతుక్కుమనిపించొచ్చు కూడా. ఏది జరుగుతుందో ఇంత దూరం నుంచి చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ సినిమాతో మొదలుపెట్టకండి. ముందు తాతయ్య గురించి మాట్లాడాలి, అది కూడా వాళ్ళమ్మ మాట్లాడితే మంచిది. ‘నీకు చెప్పకుండా ఉండాల్సింది కాదు నాన్నా’ అన్న మాట వాడికి వినబడాలి. చదరంగం బోర్డు ఎక్కడుందో అడిగినా చాలు, మాట అదే మొదలవుతుంది.

ఇక నిండుకుండ గారి తుపాకి. మా పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటి ఉంది. గోర్డీ ఆ క్షణంలో గెలిచాడా, లేక ఎలాగోలా బయటపడ్డాడా? ఎందుకంటే వాళ్ళు శవాన్ని పట్టుకుని పేరు తెచ్చుకోరు. ఏస్ ముఠాకి దక్కనివ్వరు, తామూ తీసుకోరు, పేరు చెప్పకుండా ఫోన్ చేసి పోలీసులకి చెప్తారు. తుపాకి పట్టుకున్నవాడికి చివరికి ఏమీ మిగలదు.

నిండుకుండ
మీరు తరగతిలో అడుగుతారు కాబట్టి సరే. ఇంట్లో ఎంతమంది అడుగుతారు? సినిమా అయిపోగానే ఎవరి ఫోన్ వాళ్ళు తీసుకుంటారు. మీ ప్రశ్న సినిమాలో లేదు, మీ దగ్గరుంది. నా అభిప్రాయం మారలేదు.

అర్ధరాత్రి_రైలు
నిండుకుండ గారూ, ఇంకో తుపాకి కాని సంగతి ఉంది కదండీ. క్రిస్ పెద్దయ్యాక కష్టపడి చదివి లాయర్ అవుతాడు. ఒక హోటల్లో ఎవరో ఇద్దరు గొడవపడుతుంటే ఆపబోయి కత్తిపోటుకి చచ్చిపోతాడు. గోర్డీ ఈ కథంతా రాయడానికి కారణమే పేపర్లో చూసిన ఆ వార్త. చిన్నప్పుడు కత్తి ముందు నిలబడి బతికినవాడు పెద్దయ్యాక కత్తికే పోయాడు. ఆయుధం పట్టుకుంటే సమస్య తీరుతుందని సినిమా చివరిదాకా అనడం లేదు.

అక్కా, మీకు ఒక మాట. అమ్మాయితో చూసేటప్పుడు దయచేసి మధ్యమధ్యలో ఆపి ‘చూశావా, ఇది తప్పు’ అనకండి. పద్నాలుగేళ్ళ వాళ్ళకి అంతకంటే నరకం లేదు. సిగరెట్ కనబడిన ప్రతిసారీ మీరు దగ్గితే సినిమా అక్కడే చచ్చిపోతుంది. అది ఏదైనా అడిగితే అప్పుడు చెప్పండి. అడగకపోతే మర్నాడు ఎప్పుడో అడుగుతుంది.

వానచినుకు
ఇది నిజం. మా అమ్మాయి ఆ రాత్రి ఏమీ అనలేదు. మూడో రోజు బట్టలు మడతపెడుతుంటే వచ్చి, ‘టెడ్డీ వాళ్ళ నాన్న చెవి కాల్చేశాడు కదా, అయినా వాడు నాన్నని ఎవరైనా అంటే ఎందుకు కొట్టబోతాడు’ అని అడిగింది. తుక్కు సామాన్ల యజమాని వాళ్ళ నాన్నని పిచ్చోడు అంటే టెడ్డీ కంచె ఎక్కి మీదపడబోయే సీన్ అది. ఆ నాన్న యుద్ధంలో నార్మండీ తీరంలో దిగిన సైనికుడని టెడ్డీకి గర్వం. పొయ్యి మీద చెవి నొక్కిపెట్టిందీ ఆ నాన్నే. నా దగ్గర సరైన జవాబు లేదు. ‘ప్రేమ అలా కూడా ఉంటుందమ్మా, ఉండకూడదు గానీ ఉంటుంది’ అన్నాను. అది ఇంకా ఆలోచిస్తోంది, నేనూ ఆలోచిస్తున్నాను.

సంధ్యారాగం
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక సినిమా మళ్ళీ ఒక్కదాన్నే చూశాను. గంటన్నరే కదా. నేను కాలేజీలో చూసిన సినిమా ఇది కాదనిపించింది. అప్పుడు రైలు వంతెన సీన్‌కి గుండె దడదడలాడింది. నిన్న మాత్రం గోర్డీ నీళ్ళ సీసా కోసం అన్న గదిలోకి వెళ్ళినప్పుడు ఆగిపోయాను.

ఈ శనివారం అమ్మాయితో చూస్తాను. మేమిద్దరమే. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటాం, వాళ్ళ యాస వేగానికి నాకే సగం అందలేదు. నోరు మూసుకుని చూస్తానని తమ్ముడికి మాటిస్తున్నాను. అక్క కొడుక్కి ఈ ఏడు వద్దు. పొద్దున అక్కకి ఫోన్ చేశాను, గంటసేపు మాట్లాడుకున్నాం. ముందు కోప్పడింది, తర్వాత ఏడ్చింది. ఆదివారం వస్తానంది. తాతయ్య చదరంగం బోర్డు వెంట తెమ్మన్నాను.

వాడితో చూడ్డానికి ఈలోపు ఇంకేదైనా సినిమా ఉంటే చెప్పండి. సాహసం ఉండాలి, స్నేహం ఉండాలి, ఎవరూ పోకూడదు.

పాతరీలు
పిల్లల సినిమాల్లో ఎవరూ పోని సాహసం దొరకడం అనుకున్నంత తేలిక కాదండీ! రేపు వేరే చర్చ మొదలుపెడతాను, అందరూ పేర్లు అక్కడ రాయండి.

నిండుకుండ
మంచి నిర్ణయం. శనివారం తర్వాత వచ్చి రాయండి. తుపాకి సీన్ దగ్గర మీ అమ్మాయి ఏమందో నాకు తెలుసుకోవాలని ఉంది. ఏమీ అనకపోతే ఆ సంగతైనా రాయండి.